పాత సైకిల్‌ను శుభ్రం చేసి మెరిపించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

తాతగారిదో నాన్నగారిదో పాత నల్ల సైకిల్‌ను బయటికి తీసినవాళ్లందరికీ ఇంచుమించు ఒకే సందేహాలు వస్తుంటాయి. ప్రతిసారీ విడివిడిగా జవాబు చెప్పేకంటే ఒకచోట పెడితే నయమనిపించింది. ఇక్కడ సైకిల్ అంటే 28 అంగుళాల చక్రాలు, రాడ్ బ్రేకులు, చైన్ కవర్, వెనక క్యారియర్ ఉండే పాత హీరో, అట్లాస్, హెర్క్యులిస్, రాలీ రకం. ఒక సంగతి ముందే చెబుతాను. పాత సైకిల్‌కు కొత్త రంగు వేయించడం నాకు నచ్చదు. ఉన్న రంగునే బయటికి తేవాలంటాను. ఆ పక్షపాతం జవాబుల్లో కనిపిస్తే ఆశ్చర్యపోకండి.

## మొదలుపెట్టే ముందు

సైకిల్ ఏళ్ల తరబడి చావిట్లో పడి ఉంది. ముందు ఏం చేయాలి?

నీళ్ల జోలికి వెళ్లకండి. పొడి బ్రష్షుతో, పాత గుడ్డతో దుమ్ము, సాలెగూళ్లు దులపండి. తర్వాత నట్లు, సీటు గొట్టం, హ్యాండిల్ కాడ, పెడళ్లు బిగించిన చోట తుప్పు వదిలించే నూనె వేసి రెండు మూడు రోజులు అలా వదిలేయండి. బిగుసుకుపోయిన నట్టును మొదటిరోజే పానాతో తిప్పితే దాని అంచులు అరిగిపోతాయి, ఆ తర్వాత అది ఎవరి మాటా వినదు. నూనె నానేలోగా ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి. బ్రేకు రాడ్లు ఎటు నుంచి ఎటు వెళ్తున్నాయో, చైన్ కవర్ ఏ బోల్టు మీద నిలబడిందో దగ్గరగా తీయండి. తిరిగి బిగించేటప్పుడు అవే దిక్కు.

ఇది బాగుచేయదగ్గదేనా, పాత ఇనుము వాళ్లకు ఇచ్చేయాలా?

ఫ్రేము, ముందు ఫోర్కు గట్టిగా ఉంటే బాగుచేయదగ్గదే. గొట్టాలు కలిసే చోట పగులు ఉందా, ఫోర్కు వెనక్కి వంగిందా, పెడళ్ల ఇరుసు ఉండే చోట తుప్పు తిని రంధ్రం పడిందా చూడండి. టైర్లు, ట్యూబులు, రిమ్ములు, బ్రేకు రాడ్లు, పెడళ్లు ఈ మోడళ్లకు ఇప్పటికీ పెద్ద సైకిల్ షాపుల్లో దొరుకుతాయి. దొరకనివి వేరే: అసలు కంపెనీ బిళ్ల, పాత లైటు, తోలు సీటు, గీతలున్న చైన్ కవర్. ఇవి మిగిలి ఉంటే సైకిల్ ఎంత మురికిగా ఉన్నా వదులుకోకండి.

ఇంత కష్టం దేనికి? గీకించేసి కొత్త పెయింట్ వేయిస్తే పోదా?

పోతుంది, కానీ దానితోపాటు సైకిలూ పోతుంది. ఫ్రేము మీద సన్నటి బంగారు గీతలు, సీటు గొట్టం మీద కంపెనీ బొమ్మ, మడ్‌గార్డు మీది ముద్ర ఇసుక కొట్టించిన నిమిషంలో మాయమవుతాయి. మళ్లీ తెచ్చుకోవడం కష్టం. అట్లాస్ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020లో మూతపడింది. ఆసన్సోల్‌లో సేన్-రాలీ తయారుచేసిన సైకిళ్లు ఎప్పుడో చరిత్రలో కలిసిపోయాయి. అలాంటి వాటికి అసలు బొమ్మలు ఇప్పుడు ఎవరు వేసిస్తారు? బజార్లో దొరికే స్టిక్కర్లు చూడగానే తెలిసిపోతాయి. పౌడర్ కోటింగ్ మందంగా పడి మరల్లోకి, బిళ్ల అంచుల్లోకి దిగుతుంది, పాత ఫ్రేములోని సున్నితమైన అంచులన్నీ మొద్దుబారి కనిపిస్తాయి. రంగు నూటికి డెబ్బై పాళ్లు ఊడిపోయి తుప్పు రేకును తినేస్తుంటే మాత్రం పెయింటే మార్గం. అప్పుడు కూడా పాత గీతల కొలతలు, బొమ్మల ఫొటోలు తీసుకున్నాకే ఇవ్వండి.

మా సైకిల్ ఏ కాలం నాటిదో తెలుసుకోవచ్చా?

కొంతవరకు. భారతదేశంలో తయారైన అట్లాస్ అయితే 1951కి, హీరో అయితే 1956కి ముందుది కాదు. ఆ కంపెనీలు సోనీపత్‌లో, లుధియానాలో సైకిళ్లు మొదలుపెట్టింది అప్పుడే. హెర్క్యులిస్ పేరు చూసి మాత్రం తొందరపడకండి. వాటిని ఇక్కడ తయారుచేసిన మద్రాసు దగ్గరి అంబత్తూరు టీఐ సైకిల్స్ 1949లో మొదలైంది, అంతకుముందే ఇంగ్లండు నుంచి వచ్చినవీ ఉన్నాయి. వెనక చక్రంలో ఇంగ్లండు కంపెనీ స్టర్మీ-ఆర్చర్ మూడు గేర్ల హబ్ (చక్రం నడిమి భాగం) ఉంటే అదృష్టమే, తయారైన నెల, సంవత్సరం దాని మీదే చెక్కి ఉంటాయి. సీటు గొట్టం పైభాగాన లేదా పెడళ్ల కింద ఫ్రేము నంబరు ఉంటుంది. అక్కడ వైరు బ్రష్షు వాడకండి. నూనె గుడ్డతో తుడిచి, పక్క నుంచి టార్చి వేస్తే అక్షరాలు వాటంతట అవే తేలతాయి.

ఏమేం సామాన్లు కావాలి?

పాత బనీను గుడ్డలు, టూత్‌బ్రష్షులు, పెయింటు బ్రష్షు, షాంపూ, డీజిల్, అల్యూమినియం ఫాయిల్, రబ్బింగ్ కాంపౌండ్ (పెయింటు పైపొరను సన్నగా అరగదీసి మెరిపించే ముద్ద), కారు వాక్స్, గ్రీజు, పానాలు. మొదట్లోనే గరుకు కాగితం కొనకండి. చేతిలో ఉంటే వాడాలనిపిస్తుంది.

## కడగడం, జిడ్డు వదిలించడం

బైకులకు వాటర్ సర్వీసింగ్ చేసే చోట ప్రెషర్ కొట్టిస్తే తేలిక కదా?

వద్దు. ఆ పైపు ధాటికి నీళ్లు హబ్బుల్లోకి, హ్యాండిల్ చిప్పల్లోకి, పెడళ్ల ఇరుసులోకి దూరి గ్రీజును కడిగేస్తాయి. పాత సైకిళ్ల బేరింగులకు నీటిని ఆపే రబ్బరు సీళ్లు ఉండవు. పైకి తళతళలాడినా నెల తిరక్కుండా లోపల గుండ్లు తుప్పు పడతాయి. లేచిన పెయింటు పెచ్చులూ ఎగిరిపోతాయి. బకెట్లో గోరువెచ్చటి నీళ్లు, కాస్త షాంపూ, పిండిన గుడ్డ చాలు.

సర్ఫ్, గిన్నెల సబ్బు, స్కాచ్ బ్రైట్ వాడొచ్చా?

గిన్నెల లిక్విడ్ కొద్దిగా అయితే ఫర్వాలేదు. గిన్నెల సబ్బు బిళ్లలో, పొడుల్లో గరుకు ఉంటుంది, పెయింటును తరుగుతుంది. ఆకుపచ్చ స్కాచ్ బ్రైట్, స్టీల్ పీచు అయితే నల్ల ఎనామిల్ మీద ఒక్కసారి రుద్దినా ఎండలో గీతలన్నీ లెక్కపెట్టుకోవచ్చు.

కిరోసిన్ దొరకడం లేదు. చైను దగ్గరి గట్టి జిడ్డుకు ఏం వాడాలి?

డీజిల్ అదే పని చేస్తుంది. బ్రష్షుతో పూసి పావుగంట ఆగి, చెక్కపుల్లతో గీకి, గుడ్డతో తుడవండి. పుల్ల అయితే పెయింటుకు గాటు పడదు, స్క్రూడ్రైవర్‌తో పడుతుంది. పెట్రోలు వాడొద్దు: ఆవిరికి నిప్పు అంటుకునే ప్రమాదం ఒకటి, కంపెనీ బొమ్మల మీది వార్నిష్‌ను కరిగించడం మరొకటి. డీజిల్ కూడా బొమ్మలకు, టైర్లకు, తోలు సీటుకు తగలనివ్వకండి. పని అయ్యాక షాంపూ నీళ్లతో తుడిస్తే వాసన పోతుంది.

బయటంతా శుభ్రమైంది, మడ్‌గార్డు లోపల మాత్రం మట్టి రాయిలా అంటుకుంది. తీయాలా, ఉండనివ్వాలా?

తప్పకుండా తీయాలి. మడ్‌గార్డులు కుళ్లేది పైనుంచి కాదు, లోపలి మట్టి పట్టుకునే తడి వల్ల. చక్రం విప్పి, తడి గోనెపట్టా లోపల దోపి గంటసేపు ఉంచితే మట్టి మెత్తబడుతుంది. అప్పుడు చెక్కముక్కతో తీయండి. ఆరాక నూనె గుడ్డతో పలచగా తుడవండి.

కడిగాక నల్ల పెయింటు మీద తెల్ల మచ్చలు పడ్డాయి.

బోరు నీళ్లలోని ఉప్పులు అవి. ఎండలో పెట్టి కడిగితే నీళ్లు తుడిచేలోపే ఆరిపోయి మచ్చలవుతాయి. నీళ్లలో కొంచెం వెనిగర్ కలిపి గుడ్డతో అద్ది, వెంటనే మంచి నీళ్లతో తుడిచి, పొడిగుడ్డ పెట్టండి. ఈసారి నీడలో కడగండి, ఒక్కో భాగం చొప్పున తుడుచుకుంటూ వెళ్లండి.

దసరాకి ఆయుధపూజ చేసినప్పటి పసుపు కుంకుమ మరకలు పోవడం లేదు.

పసుపు మీద సబ్బు వేయగానే ఎర్రగా మారితే కంగారు పడొద్దు, క్షారం తగిలితే పసుపు గుణమే అది. తుడిచేయండి. మిగిలిన లేత మరక కొన్నాళ్లు ఎండ తగిలితే దానంతట అదే వెలిసిపోతుంది. కుంకుమలో కలిపే కృత్రిమ రంగు మొండిది, దానికి రబ్బింగ్ కాంపౌండ్ పలచగా వాడాలి. బొట్లు పెట్టాలనుకుంటే ముందు వాక్స్ పట్టించండి, అప్పుడు మరక పెయింటులోకి దిగదు.

## తుప్పు, క్రోమ్

హ్యాండిల్, రిమ్ముల మీద గోధుమరంగు చుక్కలు. ఎలా పోతాయి?

చపాతీలు చుట్టే అల్యూమినియం ఫాయిల్‌ను ఉండ చేసి, నీళ్లలో ముంచి, మెత్తగా రుద్దండి. అల్యూమినియం క్రోమ్ కంటే చాలా మెత్తనిది, అందుకే గీత పడకుండా తుప్పు మాత్రం వస్తుంది. నల్లటి బురద తేలుతుంది, తుడుచుకుంటూ పోవడమే. తుప్పు క్రోమ్ పైన పుట్టదు. కంటికి కనిపించని రంధ్రాల గుండా కింది ఇనుము నుంచి పైకి వస్తుంది. కాబట్టి చుక్క పోయినా రంధ్రం ఉంటుంది. రుద్దాక బాగా ఆరబెట్టి వాక్స్ పెట్టకపోతే వానాకాలం రాగానే మళ్లీ తయారు.

క్రోమ్ పూర్తిగా ఊడి ఇనుము కనిపిస్తోంది. సిల్వర్ పెయింట్ వేయనా?

వేయకండి. అది రెండు నెలల్లో బూడిదరంగుకు తిరిగి, చుట్టూ ఉన్న మంచి క్రోమ్‌ను కూడా చెడ్డగా చూపిస్తుంది. తుప్పు తీసి, నూనె గుడ్డతో తుడిచి ముదురురంగులో అలా ఉండనిస్తేనే సైకిల్ వయసుకు నప్పుతుంది.

ఇదివరకే ఎవరో రిమ్ములకు సిల్వర్ పెయింట్ వేసేశారు.

కింద క్రోమ్ ఉందేమో మూలన ఒకచోట చూడండి, చాలాసార్లు ఉంటుంది. టైరు విప్పేసి, గుడ్డకు థిన్నర్ అద్ది తుడవండి. క్రోమ్‌కు థిన్నర్ వల్ల ఏమీ కాదు. పక్కనున్న నల్ల ఎనామిల్‌కు ఒక్క చుక్క తగిలినా కరుగుతుంది కాబట్టి చక్రాన్ని ఫ్రేము నుంచి తీసి దూరంగా పెట్టుకుని చేయండి. గాలి ఆడే చోట చేయండి.

చింతపండు, నిమ్మకాయ, కూల్‌డ్రింక్ పనిచేస్తాయా?

అన్నిట్లోనూ ఆమ్లం ఉంది కాబట్టి కొంత పనిచేస్తాయి. ఇత్తడి బిళ్లకు చింతపండు బాగుంటుంది. ఇనుముకు మాత్రం కడిగాక వెంటనే ఆరబెట్టకపోతే గంటలో కొత్త తుప్పు పడుతుంది. కూల్‌డ్రింక్‌లోని చక్కెర జిగురు అదనపు చాకిరీ.

ఆక్సాలిక్ యాసిడ్‌లో నానబెడితే పెయింటు పోకుండా తుప్పు పోతుందట, నిజమేనా?

నిజమే. పెయింటు మీదికి పాకిన తుప్పు మరకలకు దీన్ని మించింది లేదు. కానీ ఇది విషం. చేతికి గ్లౌజులు, కళ్లకు అద్దాలు, పొడి కలిపేటప్పుడు ముక్కుకు మాస్కు ఉండాలి. పిల్లలు, పశువులు రాని చోట చేయాలి. ప్లాస్టిక్ టబ్బులో పలచగా కలిపి విడిభాగాలు ముంచి, గంట గంటకూ తీసి చూడండి. తర్వాత వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి ఆరబెట్టండి. జింకు పూత ఉన్న చక్రం పుల్లలు, అల్యూమినియం భాగాలు, బేరింగులు అందులో వేయకూడదు. బొమ్మలున్న భాగాన్ని ముంచేముందు ఓ మూల దూదితో అద్ది రంగు మారుతుందేమో చూడండి.

చక్రం పుల్లలు ఒక్కొక్కటీ తుడవాల్సిందేనా?

అవును. సాధారణంగా ముందు 32, వెనక 40. తప్పించుకునే దారి లేదు. గుడ్డను నాడాలా చీల్చి, పుల్ల చుట్టూ ఒక చుట్టు చుట్టి, రెండు కొసలూ పట్టుకుని కవ్వంలా అటూఇటూ లాగండి. పాటలు పెట్టుకోండి. విరిగిన పుల్ల కనిపిస్తే అప్పుడే మార్పించి, బెండు తీయించండి.

## రంగు, గీతలు, బొమ్మలు

నలుపు వెలిసి బూడిదరంగుకు వచ్చింది. మళ్లీ నల్లగా అవుతుందా?

చాలావరకు అవుతుంది, పాత సైకిల్ పనిలో ఎక్కువ సంతోషం ఇక్కడే. ఎండకు, గాలికి చచ్చిపోయింది పైపొర ఒక్కటే. దాని కింద నలుపు ప్రాణంతోనే ఉంది. సన్నరకం రబ్బింగ్ కాంపౌండ్‌ను మెత్తటి తడిగుడ్డ మీద బఠాణీగింజంత తీసుకుని, జానెడు జానెడు చొప్పున, గట్టిగా నొక్కకుండా రుద్దండి. గుడ్డకు నలుపు అంటుతుంది. ఈ సైకిళ్ల మీద కార్లకు ఉన్నట్టు పారదర్శకమైన పైపూత ఉండదు కాబట్టి అది మామూలే. మొహం కొంచెం కనబడగానే ఆపండి. గొట్టాలు కలిసే అంచుల దగ్గర పెయింటు పలచన, అక్కడ రెండు చేతులు తక్కువే వేయండి. ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ పోతే ఇనుము తేలుతుంది.

బంగారు గీతలు, కంపెనీ బొమ్మ చెడకుండా ఎలా తుడవాలి?

వాటి మీద కాంపౌండ్ వద్దు, థిన్నర్, స్పిరిట్ అసలే వద్దు. నీళ్లు అద్దిన దూదితో, ఒక చుక్క షాంపూతో, అద్దినట్టుగా తుడవండి. కాంపౌండ్ వాడే ముందు వాటి అంచుల వెంబడి మాస్కింగ్ టేపు వేయాలనిపిస్తుంది, అయితే టేపు తీసేటప్పుడు బొమ్మ దానితో లేచి రావచ్చు. చేతివేలు అడ్డం పెట్టుకోవడమే మేలు. సగం చెరిగిన బొమ్మ ఉన్నా అలాగే ఉంచండి. కొత్త స్టిక్కర్ కంటే అదే అందం.

మా బాబాయి ఎప్పుడో బ్రష్షుతో ఎనామిల్ పూసేశాడు. అసలు రంగు కింద ఉంటుందా?

ఉండే అవకాశం ఎక్కువ. చైన్ కవర్ వెనక, సీటు బిగించే క్లాంపు కింద, పంపు కొక్కేల దగ్గర చూస్తే అసలు రంగు తెలుస్తుంది. దుమ్ము తుడవకుండా పూసి ఉంటే పైపొర కింద పొరకు గట్టిగా అతుక్కోదు, అంచు దొరికితే ప్లాస్టిక్ కార్డుతో పొలుసుల్లా లేస్తుంది. లేవని చోట కాంపౌండ్‌తో ఓపిగ్గా పలచన చేయాలి. పెయింట్ రిమూవర్ వేస్తే రెండు పొరలూ కలిసి వస్తాయి. ఈ పనికి చాలా ఆదివారాలు పడుతుంది, తొందర ఉన్నవాళ్లు దిగవద్దు.

పెయింటు లేచిన చిన్నచిన్న చోట్ల ఏం చేయాలి?

తుప్పు తీసి, నల్ల ఎనామిల్‌ను అగ్గిపుల్ల కొసతో చుక్కలు చుక్కలుగా నింపండి. బ్రష్షుతో పూస్తే అతుకు వేసినట్టు కనిపిస్తుంది. కొత్త నలుపు మరీ మెరిస్తే, గట్టిపడ్డాక ఒక్కసారి కాంపౌండ్ తగిలిస్తే కలిసిపోతుంది.

చివర్న వాక్స్ దేనికి? కొబ్బరినూనె సరిపోదా?

కొబ్బరినూనె ఒక పూట మెరుస్తుంది, మర్నాటికి వీధిలోని దుమ్మంతా పట్టుకుంటుంది. కార్లకు వాడే గట్టి వాక్స్ ఆరి పొరలా నిలుస్తుంది, తడిని ఆపుతుంది. పలచగా పూసి, మసకబారాక శుభ్రమైన గుడ్డతో తుడవండి.

## సీటు, బెల్లు, లైటు, టైర్లు

తోలు సీటు ఎండి కట్టెలా అయింది. నూనె పోసి నానబెట్టనా?

పోయకండి. నూనె ఎక్కువైతే తోలు సాగి, సీటు మధ్యలో గుంట పడుతుంది, అది తిరిగి లేవదు. పిండిన గుడ్డతో తుడిచి, నీడలో ఆరాక, తోలు సీట్లకు అమ్మే మైనం లాంటి క్రీము పలచగా పైనా కిందా పట్టించండి. కొన్ని రోజుల తర్వాత మరోసారి. సీటు ముక్కు కింద ఉండే బోల్టు తోలును బిగించడానికే. ఎండిన తోలును ఒకేసారి బిగిస్తే చిరుగుతుంది, క్రీము పట్టాక కొద్దికొద్దిగా తిప్పండి. రెక్సిన్ సీటుకు ఇవేవీ అక్కర్లేదు, షాంపూ గుడ్డ చాలు.

ముందున్న కంపెనీ బిళ్లను, పాత లైసెన్సు బిళ్లను బ్రాసోతో రుద్దొచ్చా?

ఒట్టి ఇత్తడి అయితే రుద్దొచ్చు. గుంటల్లో రంగు నింపిన బిళ్ల అయితే బ్రాసో ఆ రంగును తినేస్తుంది, ఎత్తుగా ఉన్న అక్షరాల మీద మాత్రమే వేలికొసతో తాకించండి. రివెట్లు విప్పకండి. ఇక మునిసిపాలిటీలు, పంచాయతీలు సైకిల్ పన్ను కట్టించుకుని ఇచ్చిన రేకు బిళ్ల మిగిలి ఉంటే దాన్ని ఊరి పేరు, సంవత్సరం చదవగలిగేంతవరకే తుడవండి. అద్దంలా చేస్తే అంకెలు అరిగిపోతాయి.

డైనమో లైటు లోపలి అద్దం మసకబారింది.

లోపలి గిన్నెకు ఉన్నది చాలా పలచటి మెరుపు పూత. పాలిష్ పెడితే పూత గుడ్డకు వచ్చేస్తుంది. పొడి దూదితో దుమ్ము తీసి వదిలేయండి. బయటి గాజును కడగొచ్చు.

బెల్లు మోగడం లేదు.

పై చిప్ప తిప్పితే ఊడుతుంది. లోపలి పళ్లచక్రాలకు డీజిల్ పెట్టి తుడిచి, కుట్టుమిషన్ నూనె ఒక చుక్క వేయండి.

టైర్లకు పాలిష్ వేయొచ్చా?

పక్కలకు వేసుకోండి, నేలకు తగిలే భాగానికి వేస్తే జారుతుంది. పక్కల్లో దారాలు కనిపించేలా పగుళ్లుంటే పాలిష్ దండగ, టైరు మార్చండి.

## చైను, బేరింగులు

చైనుకు డబ్ల్యూడీ-40 కొడితే సరిపోతుందా?

మామూలు నీలిడబ్బా రకం తుప్పు వదిలించడానికి, తడి తీయడానికి మంచిది. చైనుకు కావలసిన నూనెలా నిలవదు. చైనును డీజిల్‌లో కడిగి ఆరబెట్టి, ప్రతి లింకుకు ఒక్కో చుక్క నూనె వేసి, పైకి కనిపించేదంతా తుడిచేయండి. లాక్ లింకు క్లిప్పును తిరిగి పెట్టేటప్పుడు మూసి ఉన్న కొస చైను కదిలే దిక్కుకు ఉండాలి.

పైపైన మెరిపిస్తే చాలా, ఓవరాలింగ్ కూడా చేయించాలా?

తొక్కే ఉద్దేశం ఉంటే చేయించాలి. ఎండిన గ్రీజు బంకమట్టిలా అయిపోయి ఉంటుంది. మీరే చేస్తే ముందు చక్రం గుండ్లు, వెనక చక్రం గుండ్లు కలిసిపోకుండా విడివిడిగా పెట్టండి, సైజులు వేరు. పాత ఇడ్లీ రేకు దీనికి భలే పనికొస్తుంది. ఎడమ పెడల్‌కు మర ఎదురు అని మర్చిపోవద్దు. కాటర్ పిన్నును (పెడల్ కాడను, అంటే క్రాంకును, ఇరుసుకు బిగించే పిన్ను) మాత్రం ఊరికే సుత్తితో కొట్టకండి. క్రాంకు కింద గట్టి ఆసరా పెట్టకుండా కొడితే పిన్ను తల చితికిపోతుంది, దెబ్బ బేరింగు చిప్పలకు తగులుతుంది. కదలకపోతే పాత మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి.

## పని అయ్యాక

అంతా మెరుస్తోంది, కానీ బ్రేకు పడడం లేదు!

రిమ్ముకు పెట్టిన వాక్స్ లేదా నూనె కారణం. రాడ్ బ్రేకు రబ్బర్లు రిమ్మును పక్కల నుంచి కాదు, పుల్లలున్న లోపలి వైపు నుంచి పైకి లాగి పట్టుకుంటాయి. ఆ ముఖం పొడిగా, జిడ్డు లేకుండా ఉండాలి. గుడ్డకు స్పిరిట్ అద్ది రిమ్ము చుట్టూ తుడవండి, పెయింటుకు తగలనివ్వకండి. బ్రేకు రబ్బర్లు గాజులా నున్నబడితే గరుకు కాగితంతో ఒకసారి రుద్దండి, రాయిలా గట్టిపడితే మార్చేయండి. ఇది సరిచూసుకోకుండా వీధిలోకి వెళ్లొద్దు.

మాది కాకినాడ. ఎంత తుడిచినా నెలలో తుప్పు వస్తోంది.

సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. విశాఖ, కాకినాడ, బందరు వైపు వాళ్లు క్రోమ్ భాగాలను వారానికోసారి తడిగుడ్డతో, వెంటనే పొడిగుడ్డతో తుడిచి, నెలకోసారి వాక్స్ పెట్టాలి. ప్లాస్టిక్ పట్టా కప్పకండి, లోపల చెమ్మ పడుతుంది. పాత దుప్పటి కప్పండి.

ఎక్కువగా తొక్కను, హాల్లో పెట్టుకుంటాను. టైర్లలో గాలి ఉంచాలా?

ఉంచాలి. గాలి లేకుండా నిలబెడితే రిమ్ము బరువుకు టైరు ఒకేచోట నలిగి పగులుతుంది. డబుల్ స్టాండు ఉంటే దానిమీద నిలపండి, ముందు టైరును అప్పుడప్పుడూ కొంచెం తిప్పి పెట్టండి. కిటికీ ఎండ సీటు మీద పడకుండా చూసుకోండి.